నడిమిట్లో వద్దు

ముగ్గురూ కంప్యూటరు తెర పైఅంచుకి అతుక్కుపోయి ఉన్నారు, కిందికి దిగి మధ్యకి రమ్మంటే రారు, నేను సెంటర్ అని రాస్తున్నాను, సేవ్ చేస్తున్నాను, పేజీ మళ్ళీ తెరుస్తున్నాను, వాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నారు, పైన నూకయ్య మావ, ఆ కింద మా అన్న అప్పలసూరి, ఆ కింద ఎర్రన్న, ఆ కింద సగం తెర తెల్లగా ఖాళీ. ఎడమకీ కుడికీ నడుమకి మొదటి మాటకే వచ్చారు, పైకీ కిందికీ నడుమకే రావడం లేదు. మొండి ఘటాలు. ఒడ్డున ఉన్నప్పుడు మాత్రం విన్నారా, అన్నానికి రమ్మంటే వల విప్పడం అయ్యేదాకా ఒక్కడూ కదిలేవాడు కాదు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఈ మేడమీది గదిలో కూర్చుని ఇలాంటి పేజీలు ఎన్ని చేశాను, కోచింగ్ సెంటర్లకి, కళ్యాణ మండపాలకి, బొబ్బిలి వీణలమ్మే ఆయనకి ఒకటి, ఏ ఒక్కదానికీ ఇంత తడబడలేదు. మా ఓనరు ధనరాజ్ గారు భోజనానికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఇయ్యాల ఇంకే పనీ ముట్టుకోకమ్మా నీలవేణీ, అదొక్కటే సూసుకో" అన్నారు. రోజూ మెట్లెక్కుతూనే ఫలానావాళ్ళ పేజీ ఏమయిందని అరిచే మనిషి. ఆయన మెత్తగా మాట్లాడితే నాకు భయం వేస్తోంది. మనుషులు నాతో మెత్తగా మాట్లాడుతున్నారంటే వాళ్ళ మనసులో ఆ ముగ్గురూ పోయినట్టే.

టీవీలో వాయుగుండం అని చెప్పేసరికే మావ బోటు చాలా లోపలికి వెళ్ళిపోయింది. కోనాం చేప పడుతోందని అందరికంటే దూరం వెళ్ళారు. మావ, మావ కొడుకు ఎర్రన్న, మా అన్న, ముగ్గురే. గాలి తగ్గాక మా పేట బోట్లు ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి, కొన్ని భీమిలి దగ్గర ఒడ్డెక్కాయి, ఒకటి బారువ దగ్గర ఎక్కింది, మావది ఎక్కడా ఎక్కలేదు. హెలికాప్టరు తిరిగింది, ఆఫీసర్లు వచ్చి ఫోటోలు పట్టుకెళ్ళారు, తర్వాత రావడం తగ్గింది. గోపాల్‌పూర్‌లో బోట్ల సంఘం ఆయన ఒకరు ఒడియాలో తెలుగు కలిపి ఫోన్లో చెప్పిందేమిటంటే, ఫోటోలు ఒక్కొక్కటిగా వాట్సాప్‌లో తిరుగుతుంటే ఎవరు ఎవరో కలిసిపోతున్నారు, ముగ్గురూ, బోటు రంగు, ఫోను నంబరు అన్నీ ఒకేచోట ఉండే లింకు చేసి ఇవ్వండి, పారాదీప్ దాకా ప్రతి బోటు వాడికీ నేను అందిస్తాను అని. అదీ ఈ పేజీ. ఇది ఆయనకి చేరాలి, అంతకంటే ముందు మా అమ్మకి చేరాలి. ఎందుకంటే ఈ సాయంత్రం పేట పెద్దలు గంగమ్మ గుడి దగ్గర కూర్చుంటున్నారు. సముద్రం మనిషిని తిరిగి ఇవ్వకపోతే కొన్నాళ్ళు చూసి, గడ్డితో బొమ్మ చేసి, ఆ బొమ్మకే అన్నీ జరిపించేస్తారు. బొమ్మ కాలిందంటే ఇక ఎవరూ వెతకరు, ఎవరూ ఫోను చేయరు, ఏ బోటువాడూ దారి మార్చుకుని వెళ్ళి చూడడు. పొద్దున అమ్మ ఫోన్లో అంది, "ఎతుకుతన్నారని సూపిత్తే పెద్దలు ఆగుతారు. ఉత్తినే నోటితో సెప్తే ఆడోల్ల ఏడుపంటారు. బేగి సేసి అంపమ్మా."

బేగి చేస్తున్నాను కానీ వీళ్ళు దిగిరావడం లేదు. ఫ్లెక్స్‌బాక్స్‌లో అంటే పేజీలో బొమ్మల్ని సర్దే పద్ధతిలో నాకు మొదటినుంచీ తికమక ఇదే, ఇప్పుడు కొత్త కాదు. వస్తువుల్ని పక్కపక్కన పెడితే ఒక మాట అడ్డంగా నడుపుతుంది, ఇంకో మాట నిలువుగా నడుపుతుంది, ఒకదానికింద ఒకటి పేర్చగానే ఆ రెండు మాటలూ పనులు మార్చేసుకుంటాయి. నేర్చుకునే రోజుల్లో అమ్మ తలమీద గంపల్ని తలుచుకుని గుర్తుపెట్టుకున్నాను. చుట్టకుదురు, దానిమీద పెద్ద గంప, దానిమీద చిన్న గంప, అన్నిటికీ కింద అమ్మ మెడ. గంపలు నిలువుగా పేరుస్తుంది, కానీ అమ్మ చూసుకునేదంతా అడ్డం సంగతే, ఎడమకి ఒరిగిందా, కుడికి ఒరిగిందా. చెయ్యి పట్టకుండా పూసపాటిరేగ సంత దాకా నడిచేది, దారిలో ఎవరైనా పలకరిస్తే తల తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి మాట్లాడేది. చేపల నీరు చెవి పక్కనుంచి కారుతుంటే నేను వెనక నడుస్తూ ముక్కు మూసుకునేదాన్ని, ఇప్పుడా వాసన ఈ గదిలోకి వస్తే కిటికీలన్నీ మూసేసి దాచుకుంటాను. సరే, ఎక్కడున్నాను. నిలువు. నిలువుగా నడుమకి రావాలంటే రాయాల్సిన మాట రాశాను. తప్పేమీ లేదు. అయినా రారు. అప్పుడు తట్టింది, నేను వాళ్ళున్న పెట్టెకి ఎత్తు చెప్పలేదు. ఎత్తు చెప్పకపోతే పెట్టె వాళ్ళంతే ఉంటుంది, లోపల ఖాళీయే ఉండదు, ఖాళీ లేనప్పుడు దేనికి నడుమ. ఎవరికైనా నడుమ అనేది ఉండాలంటే ముందు అంచులుండాలి. హెలికాప్టరులో తిరిగొచ్చిన ఆఫీసరు మావ భార్య లక్ష్మణమ్మ అత్తకి చేతులు జోడించి అదే చెప్పాడు, ఎక్కడని వెతకమంటావమ్మా, అటు అంచు లేదు, ఇటు అంచు లేదు అని. అతని మీద ఆ రోజు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇప్పుడు తెర ఎత్తెంతో పెట్టె ఎత్తూ అంతే అని రాశాను, సేవ్ చేశాను, ముగ్గురూ జారి నడుమకి వచ్చి నిలబడ్డారు. పైన ఎంత ఖాళీయో కింద అంతే ఖాళీ. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళు నిజంగానే ఎక్కడికో చేరినట్టనిపించింది.

మావ ఫోటో ఎవరిదో పెళ్ళి గుంపులోంచి కత్తిరించింది, చెవి పక్కన వేరేవాళ్ళ భుజం ఇంకా కొంచెం ఉంది. అన్న ఫోటో గుర్తింపు కార్డు మీదిది, కెమెరావాడు నవ్వొద్దన్నాడని దొంగలా చూస్తున్నాడు, మా వదిన భారతి ఆ ఫోటో చూసి ఎప్పుడూ ఏడిపించేది. ఎర్రన్నది తన వాట్సాప్ బొమ్మే ముందు పెట్టాను, నల్ల కళ్ళద్దాలు, చేతులు కట్టుకుని బోటు ముందు, సినిమా పోస్టరనుకున్నాడు. కళ్ళు కనబడనివాణ్ణి ఎవరు గుర్తుపడతారని అది తీసేసి ఇంకొకటి పెట్టాను. అది నా ఫోనులోది. ఎక్కడిదని ఎవరూ అడగలేదు. రామతీర్థం శివరాత్రి తిరనాళ్ళలో కొండ మెట్లమీద తీశాను, కిందనుంచి ఎవరో పిలిస్తే అటు చూస్తున్నాడు, నుదుటిమీద చెమట, నేను తీస్తున్నట్టు తెలియదు. అందరం ముందూ వెనకా ఎక్కుతున్నాం, అమ్మా అత్తా మోకాళ్ళు పట్టుకుని ఆగిపోయారు, మావ వాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు, మేమిద్దరం కొంచెం పైన. అప్పుడు ఎర్రన్న రాయి మీద గోటితో గీస్తూ అన్నాడు, "ఉజ్జోగం మానీసి పేటకొచ్చీమని నాను నిన్నడగను. అడగనని సెప్పడానికే సెప్తన్నాను." నేను నవ్వాను. తొందరేముంది, అతనూ జవాబు కోసం చూడలేదు, దిగుతూ జీళ్ళు కొని అందరికీ పంచాడు. చిన్నప్పుడు వాడు, వీడు అనేదాన్ని. ఎప్పటినుంచి అతను అంటున్నానో నాకే తెలియదు.

అన్న కోసం నేను ఏడిస్తే ఎవరూ ఏమీ అనరు. మావ కోసం ఏడిస్తే అసలే అనరు, నాన్న జ్వరంతో పోయాక మమ్మల్ని పెంచింది ఆయనే, ఆడపిల్లకి కంప్యూటరు చదువేమిటన్నవాళ్ళ మీదికి తెడ్డు పట్టుకుని వెళ్ళిందీ ఆయనే. ఎర్రన్న వరసకి బావ. అంతకుమించి మా ఇద్దరి మధ్యా ఏదీ ఎవరి ముందూ అనుకున్నది లేదు, పసుపు కొట్టింది లేదు, పెద్దలు తాంబూలం మార్చుకున్నది లేదు. పేటలో ఆడవాళ్ళంతా వదిన చుట్టూ కూర్చుంటారు, అత్త చుట్టూ కూర్చుంటారు. నా దగ్గరికి వచ్చి, అన్నెక్కడున్నాడో ఏమో కదమ్మా అంటారు. అన్న, అన్న. అవును, అన్న కోసం ఏడుస్తున్నాను, అబద్ధం కాదు. కానీ పడుకుంటే ముందొచ్చే మొహం అన్నది కాదు, అందుకు సిగ్గుగా ఉంది, సిగ్గుపడాల్సిన పనేమిటని కోపంగానూ ఉంది. పేజీలో కూడా ఎర్రన్నని అన్నిటికంటే కింద పెట్టాను. వయసు వరస అని నాకు నేను చెప్పుకున్నాను. అన్న కంటే అతనే పెద్దవాడు. ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. మార్చను, ఇప్పుడు మారిస్తే ఎందుకు మార్చానో అందరికీ తెలిసిపోయినట్టుంటుంది.

లింకు వదిన ఫోనుకి పంపాను. కింద ఎవడో ఆటోవాడు హారను ఆపకుండా కొడుతున్నాడు, ధనరాజ్ గారి కుర్చీ వెనక ఫ్యాను కిర్రుమంటోంది, నేను ఫోను చేతిలో పట్టుకుని నుంచున్నాను. ఫోను మోగింది. వదిన కాదు, అమ్మ గొంతు.

"నూకయ్యన్న ఏడే?"

"పైనే ఉన్నాడమ్మా. అందరికంటే పైన."

"నేడు, అవుపడ్డం నేదు. మెడ కాణ్ణుంచి ఉన్నాది. తలకాయ నేదు. కిందకి లాగితే దిగడు. భారతి కూడా లాగింది."

నాకు ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమయింది, అర్థమయ్యాక నన్ను నేను చెంపమీద కొట్టుకోవాలనిపించింది. ఇక్కడ నా తెర పెద్దది, ముగ్గురూ హాయిగా పట్టారు. వదిన ఫోను చిన్నది. పెట్టె ఎత్తు ఇంతే అని నేను గిరిగీసేశాను కదా, ముగ్గురు పట్టని పెట్టెలో ముగ్గుర్ని నడుమకి తోస్తే పైవాడు పైనుంచి బయటికి పోతాడు, కిందివాడు కిందనుంచి పోతాడు. కింద పోయినవాణ్ణి జరిపి చూడొచ్చు, పైన పోయినవాడు ఎంత లాగినా దొరకడు, పేజీ అంతకంటే పైకి వెళ్ళదు. తెలిసిన తప్పే. పెద్ద తెరమీద చూసి మురిసిపోయేవాళ్ళందరూ చేసే తప్పే, కళ్యాణ మండపం పేజీలో చేసుంటే నవ్వుకుని దిద్దేదాన్ని. మా అమ్మ, మా పేట ఇసకలో కూర్చుని, తన అన్న తలకాయ కోసం అద్దంమీద వేలుతో లాగుతోంది. "ఉండమ్మా, ఇప్పుడే దించుతాను" అని ఫోను పెట్టేశాను. ఇంతే అన్నచోట కనీసం ఇంత అని మార్చాను, ఇంకా కావాలంటే పెరగమన్నాను. ఒక్క మాట. మళ్ళీ పంపాను. నా ఫోనులో కూడా తెరిచి చూశాను, మావ తల, పక్కన ఆ పెళ్ళివాళ్ళ భుజం, అన్న దొంగచూపు, ఎర్రన్న చెమట, పేర్లు, వయసులు, నీలం బోటు, ఎరుపు గీత, ఫోను నంబరు. ముగ్గురూ నిండుగా, నడుమ, ఒకరి కింద ఒకరు, గీత గీసినట్టు. బాగుందనిపించింది. పాపం, అలాంటి వేళ కూడా నాకు నా పని బాగుందనే అనిపించింది.

ఫోను మోగలేదు. పంపింది చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, అయినా మోగలేదు. నేనే చేశాను. వదిన ఎత్తింది, వెనక కెరటాల చప్పుడు, ఎవరో పిల్లని కసురుతున్నారు.

"వదినా, మావ దిగాడా?"

"దిగాడు." తర్వాత మెల్లిగా, "నీలవేణీ, మీ అత్త సూసి పోను ఇసిరీసింది. ఇసకలో పడ్డాది, పగల్నేదు."

"ఎందుకు?"

"నివాళి బేనర్లకి అలాగే ఎడతారు కదే. నడిమిట్లో బొమ్మ, బొమ్మ కింద పేరు, పేరు కింద ఏళ్ళు. నువ్వే ఎన్నో సేసినావు. దండొక్కటే తక్కువ."

అవును, నేనే ఎన్నో చేశాను. పేజీలు లేని రోజుల్లో ధనరాజ్ గారు బ్యానర్ల పని తెస్తారు, పుట్టినరోజులవి, పదవులొచ్చినవాళ్ళవి, పోయినవాళ్ళవి. పుట్టినరోజువాడిది పక్కకి పెట్టి చుట్టూ పదిమంది తలకాయలు పేర్చమంటారు. పోయినవాడిది ఒక్కటే, నడుమ, చుట్టూ ఖాళీ, కింద పేరు. ఎవరూ చెప్పనక్కర్లేదు, చెయ్యి దానంతట అదే అలా పెడుతుంది. ఇప్పుడూ నా చెయ్యి అలాగే పెట్టింది. మర్యాద అనుకున్నాను, మావని మధ్యలో పెట్టడం మర్యాద కాక ఏమిటి అనుకున్నాను, మాకు తెలిసిన మర్యాదంతా పోయినవాళ్ళకి చేసేదే కాబోలు. ఈ పేజీ ఇలాగే పట్టుకెళ్ళి గుడి దగ్గర పెద్దల చేతిలో పెడితే ఏమవుతుంది? ఒకరి చేతినుంచి ఒకరి చేతికి వెళ్తుంది, అందరూ తలలు ఊపుతారు, ఎవరో చేతులు జోడిస్తారు. వాళ్ళని ఒప్పించడానికి ఇంకొక్క మాట అక్కర్లేదు. ఇంటి ఆడపిల్లే ఒప్పేసుకుంది కదా అంటారు. గడ్డిబొమ్మ నేనే చేసి పంపినట్టయింది.

"నడిమిట్లో వద్దని సెప్పు" అని వెనకనుంచి అమ్మ గొంతు, దూరంగా, నాతో కాదు, ఎవరితోనూ కాదు. "బతికున్నోల్లని బతికున్నట్టు ఎట్టమను."

బతికున్నట్టు అంటే ఎలా? తీసేశాను. నడుమ అన్న మాటలు రెండూ చెరిపేశాను, ముగ్గురూ ఎడమ పక్కకి వెళ్ళిపోయారు, పైకి వెళ్ళిపోయారు, గంటసేపు నేను పడ్డ పాట్లన్నీ ఎగిరిపోయాయి, కుడి పక్కంతా ఖాళీ. బరువంతా ఒక పక్కకే ఉంటే నాకు ఊపిరి ఆడదు, అది నా చదువు అలవాటు కాదు, మావ అలవాటు. బోటు ఎక్కించేటప్పుడు ఐసు పెట్టెలు, వల, డీజిలు డబ్బాలు ఏవి పెట్టినా "నడిమికి, నడిమికి" అని అరిచేవాడు. ఎంత సర్దినా ఒక పక్క ఒరుగుతూనే ఉండేది, అప్పుడు ఎర్రన్న ఏమీ అనకుండా వెళ్ళి ఆ రెండో పక్క అంచుమీద కూర్చునేవాడు, బోటు సమం అయ్యేది. కాళ్ళు నీళ్ళమీదికి వేలాడేసి, ఒడ్డున ఉన్న మమ్మల్ని చూస్తూ. అలా కూర్చోవడం ప్రమాదం కాదా అని నేనడిగితే ఎవడో ఒకడు కూచోవాల కదా అన్నాడు. ఆ గాలిలో కూడా అలాగే కూర్చున్నాడేమో. అది అనుకోకూడదని ఎన్నాళ్ళుగానో దాటవేస్తున్నాను, ఇప్పుడు అనుకున్నాను, అనుకున్నాక కూడా కుర్చీలోనే ఉన్నాను, ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"వదినా, పక్కకి పెట్టాను. చూడు."

చూసింది. మా వదిన అసలే తక్కువ మాట్లాడే మనిషి, బోటు రానప్పటినుంచీ అది కూడా లేదు, అన్నం తిన్నావా అంటే తలూపడమే. ఇప్పుడు తనే అంది, "ఈ పక్కన ఆలీగా ఉన్నాది కదే."

"అవును. ఏం చెయ్యనో తెలియడం లేదు."

"నా పోటో ఎట్టు. మీ అన్న పక్కన నన్నెట్టు. మీ అత్తని మావ పక్కన ఎట్టు. సచ్చిపోయినోడి బేనరు మీద పెల్లానం బొమ్మ ఎవుడూ ఎయ్యడు. ఆల్లకి ఎదురు సూసే మనుసులున్నారని సూసినోల్లకి తెలుస్తాది. ఏ బోటోడైనా ఆలోసిత్తాడు."

వదిన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినలేదు. తర్వాత ఫోటో వచ్చింది, అప్పుడే తీసింది, పాక గోడ ముందు, తల దువ్వుకుని, మొహానికి పసుపు రాసుకుని, పెళ్ళినాటి చీర. నవ్వలేదు, ఏడవలేదు, ఎదురుగా చూస్తోంది. ఎంత ధైర్యం. నేను ఒక్కొక్క మనిషినీ ఒక వరస చేశాను, వరసలో ఇద్దరికి చోటు, ఇప్పుడు పక్కపక్కన అన్న మాట రాశాను, వదిన వచ్చి అన్న పక్కన నిలబడింది, ఇద్దరి తలలూ సమంగా లేకపోతే సమం చేశాను. అన్న దొంగచూపు ఒక్కసారిగా మొగుడి చూపయిపోయింది. నాకు నిజంగా నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత అత్త ఫోటో వచ్చింది. లక్ష్మణమ్మ అత్త ఫోటో దిగడం మహా అయితే ఓటు కార్డుకి, ఫోను వైపు కాకుండా ఫోను పట్టుకున్న వదిన వైపు చూస్తోంది. మావ పక్కన పెట్టాను. ఆ పెళ్ళివాళ్ళ భుజం ఇక నా కంటికి ఆనలేదు.

మూడో వరసలో ఎర్రన్న ఒక్కడే. పక్కన ఖాళీ. అటు చూస్తున్నాడు, ఎవరో పిలిచినవైపు.

"వదినా, అత్తనే ఇక్కడ కూడా పెట్టేస్తాను. తల్లే కదా."

వదిన ఫోను అత్తకి ఇచ్చినట్టుంది. అత్త నాతో మాట్లాడి చాలా రోజులయింది, నన్ను చూస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. "అమ్మా నీలవేణీ," అంది, "నన్నొక్క సోటే ఎట్టు. రెండు సోట్ల ఎట్టకు."

"మరి ఎర్రన్న పక్కన, అత్తా?"

"ఆలీగా ఒదిలీ. పరవానేదు. నాను నిన్నేటీ అడగను తల్లీ."

అదే మాట. తల్లీకొడుకులిద్దరికీ అడగనని చెప్పడం తప్ప ఇంకేమీ రాదా. ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. అడిగితే పోయేదేముంది, అడిగితే కనీసం జవాబు నా మీద పడేది కాదు, అడిగారు కాబట్టి చేశాను అని ఉండేది. అత్త ఎందుకు అడగడం లేదో నాకు తెలుసు. పేజీ కోస్తా అంతా తిరుగుతుంది. ఎర్రన్న పక్కన నా మొహం పెడితే అది మా పేట దాకానే ఆగదు, ముక్కాం, చింతపల్లి, కళింగపట్నం, సంబంధాలు చూసే ఇళ్ళన్నిటికీ వెళ్తుంది. అతను వస్తే సరే. రాకపోతే తాళి లేకుండానే నేను అతనిదాన్ని అయిపోతాను, ఇక ఆ ముద్ర ఎవరూ చెరపలేరు, ఇది ఫలానావాడు పోయిన పిల్ల అంటారు, అది కూడా మెత్తగానే అంటారు. ఖాళీగా వదిలితే ఏ గొడవా లేదు. అన్న కోసం పేజీ చేసింది, చెల్లెలు చెయ్యాల్సిందే కదా అంటారు. పెద్దలు మాత్రం ఆ మూడో వరస చూస్తారు. ఇద్దరికి పెళ్ళాలున్నారు, వాళ్ళవి ఆపుదాం, ఈ కుర్రాడికి ఎవరున్నారు, తల్లి తప్ప, ఇతనికి కానిచ్చేద్దాం అనేవాడు ఒకడైనా ఉంటాడు, నాకు మా పెద్దలు తెలుసు. ఒక్కడికైనా కానిచ్చేద్దాం అంటారు. ఒక్క గడ్డిబొమ్మ. ఆ ఒక్కటీ ఎర్రన్నదే అవుతుంది, పక్కన ఎవరూ లేరు కాబట్టి.

అతను బతికున్నాడని నాకు తెలియదు. నాకేమీ కలలు రాలేదు, ఎడమకన్ను అదరలేదు, గుండె చెప్పడం లాంటివేమీ నాకు లేవు. పోయుండొచ్చు. కానీ ఎవరో ఒక బోటువాడు పారాదీప్ దగ్గరో ఇంకెక్కడో ఫోను తెరిచి మూడు వరసలు చూస్తే, మూడో మనిషి దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి, అంతే నాకు కావలసింది. అతని కోసం ఒకరు కూర్చుని ఉన్నారని వాడికి తెలియాలి. అది నిజం కూడా. నిజాన్ని పెట్టడానికి నాకింత బెరుకెందుకు.

ఫోను కిటికీ వైపు తిప్పి పట్టుకున్నాను. మధ్యాహ్నం ఎండ వాలింది, మొహం సగం వెలుగు, జుట్టు చెదిరి ఉంది, దువ్వుకోలేదు, దువ్వుకుంటే మనసు మారుతుందని. తీశాను. నేను అంత పెద్దదాన్నయిపోయానని అనుకోలేదు. మూడో వరసలో ఎర్రన్న పక్కన పెట్టాను, తలలు సమం చేశాను. ఫోటో కింద వదినకి భార్య అని రాశాను, అత్తకి భార్య అని రాశాను. నాది దగ్గరికి వచ్చేసరికి ఏం రాయాలో తోచలేదు, మరదలు అన్నది నిజమే, చాలదు, ఇంకేదైనా రాస్తే నిజం కాదు. వాళ్ళిద్దరికీ ఆ మాట తీసేసి, ముగ్గురికీ పేర్లు మాత్రం ఉంచి, పైన "వీరి కోసం వీళ్ళు ఎదురు చూస్తున్నారు" అని రాశాను. సేవ్ చేశాను. గోపాల్‌పూర్ ఆయనకి పంపాను, ఆలోచిస్తే ఆగిపోతానని ముందు ఆయనకే పంపాను. తర్వాత వదినకి.

మెట్లమీద ధనరాజ్ గారి చెప్పుల చప్పుడు, సగంలో ఆగి ఎవరితోనో మాట్లాడుతున్నారు. నీలం టిక్కులు పడ్డాయి. ఫోను మోగింది. ఎత్తాను. అవతల అమ్మ ఊపిరి వినపడుతోంది, నడిచి పక్కకి వచ్చినట్టుంది, కెరటాలు గట్టిగా ఉన్నాయి. నేను ఆమె తిట్టు కోసం చూస్తున్నాను. నా బిడ్డ బతుకేం కావాలని అడుగుతుందేమో, తీసెయ్యమంటుందేమో, తియ్యనని చెప్పడానికి మాట వెతుక్కుంటున్నాను.

"పెద్దలకి నానే అట్టుకెల్లి సూపిత్తాను," అంది చివరికి. "మూడు వరసలూ సూపిత్తాను." కొంగుతో ఫోను అద్దం తుడుచుకున్నట్టు గరగర. "బొట్టు కుంచెం పెద్దది ఎట్టుకోవల్సిందమ్మా. ఈ పోన్లో అవుపడతన్నాది కాదు."